బలూచ్ తివాచీ పని: సగం దాకా వచ్చింది

ఇరాన్‌లోని ఖొరాసాన్, అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ వైపు బలూచ్ ఆడవాళ్లు నేలమగ్గం మీద ముడులు వేసి నేసే తివాచీ ఇది. ఇక్కడ చిన్న చెక్క చట్రం మీద సాగుతోంది. వెడల్పు 30 సెం.మీ., పొడవు 40. నమూనా మీనా ఖానీ: జల్లెడ అల్లికలా పరుచుకున్న తీగలు, మధ్యమధ్య చిన్న తెల్లపూలు.

పడుగు (చట్రం మీద నిలువుగా బిగించే పోగులు): గట్టి పురి ఉన్న రెండు పోగుల తెల్ల ఉన్ని. సెం.మీ.కి 6 చొప్పున 180 పోగులు, అంచులకి చెరో 8. నూలు పడుగైతే బిగువు తేలిగ్గా కుదురుతుంది. కానీ బలూచ్ తివాచీని మడిస్తే చేతికి తెలిసే ఆ మెత్తదనం ఉన్ని పడుగుతోనే వస్తుంది, దాన్ని వదులుకోకూడదు.

అసలు చిక్కు నమూనా గీసుకునే గళ్ల కాగితం దగ్గర. అడ్డంగా సెం.మీ.కి 3 ముడులు, నిలువుగా 4 వరసలు. మామూలు చదరపు గళ్ల మీద 30 గళ్ల వెడల్పు, 30 గళ్ల ఎత్తు పువ్వు గీస్తే నేతలో అది 10 సెం.మీ. వెడల్పు, ఏడున్నర ఎత్తుతో అణిగిపోతుంది. ఎత్తుకి 40 వరసలు ఇవ్వాలి. ఏటవాలు తీగ కూడా అంతే. వరసకో ముడి జరిపితే వాలిపోతుంది. మూడు వరసలు జరిపి, నాలుగో వరసలో జరపకుండా అక్కడే ముడి వేస్తే తీగ సరైన వాలులో నిలుస్తుంది.

ముడి: దారం కుడి పోగుని పూర్తిగా చుట్టి, ఎడమ పోగు వెనక నుంచి బయటికి రావాలి. రెండు కొసలూ కిందికి లాగాకే కోయాలి. లాగకుండా కోస్తే ముడి వదులై, కుచ్చు నిక్కబొడుచుకుంటుంది. వృథాతో కలిపి ముడికి 4 సెం.మీ. దారం పడుతోంది. మొత్తం 14,400 ముడులకి సుమారు 580 మీటర్లు.

ప్రతి వరస తర్వాత రెండు పేకలు, అంటే అడ్డంగా దూర్చే పోగులు. మొదటిది బిగువుగా, రెండోది విల్లులా వంచి వదులుగా వేసి పంజాతో (దువ్వెనలాంటి పనిముట్టు) దిగ్గొట్టాలి. రెండూ బిగిస్తే తివాచీ నడుము సన్నబడుతుంది. 20 వరసలకోసారి స్కేలు పెట్టి చూడాలి, సరిగ్గా 5 సెం.మీ. రావాలి. తక్కువ వస్తే దెబ్బ ఎక్కువైనట్టు.

అంచుల్లో ముడులుండవు కాబట్టి అవి వెనకబడతాయి. వరసకోసారి మేక వెంట్రుకల దారంతో అదనంగా చుట్టి ఎత్తు సరిచేయాలి. లేకపోతే పక్కలు ముడుచుకుంటాయి.

రంగులు నాలుగే: మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం, ముదురు గోధుమ, తెలుపు. ఇనుముతో అద్దిన గోధుమరంగు ఉన్నిని తినేస్తుంది. పాత తివాచీల్లో ఆ భాగాలు అరిగి పల్లమైపోయి కనిపించేది అందుకే. దానికి బదులు సహజంగా నల్లగా ఉండే గొర్రె ఉన్నే మేలు. తెలుపు పూలకే పరిమితం. తీగల్లోకి కూడా తెస్తే ఆ చీకటి నేల మీద పూల మెరుపు పోతుంది.

ఇప్పటికి 80 వరసలు, 20 సెం.మీ. అయింది. ఇంకో 80 అయ్యాక ముడులు లేకుండా 4 సెం.మీ. చారల నేత, తర్వాత పడుగు కొసలు ముడివేయడం మిగిలింది.