219 కనిపిస్తే తర్వాతి బైట్ దాకా ఆగాలి

సీరియల్ కేబుల్ మీద సెన్సర్ బోర్డు పంపే బైట్లను పైథాన్‌లో చదవడం పెద్ద పనేం కాదు. ఒక ప్యాకెట్ ఎక్కడ అయిపోయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అన్నదే తలనొప్పి. నా బోర్డు వాడేది స్లిప్ అనే పాత పద్ధతి. 1988 నాటి ఆర్ఎఫ్‌సీ 1055 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో దాని వివరం ఉంది. చదవడానికి కొద్ది పేజీలే, చివర్లో సీ కోడ్ కూడా ఇచ్చారు.

రూల్ చిన్నదే. ప్యాకెట్ అయిపోయిందని చెప్పడానికి 192 వస్తుంది. మరి డేటాలోనే 192 ఉంటే? దాని బదులు 219, 220 అని రెండు బైట్లు వస్తాయి. డేటాలో 219 ఉంటే? 219, 221 వస్తాయి. కోట్స్ మధ్య మళ్లీ కోట్ రాయాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెడతాం కదా, ఇదీ అదే బాపతు. ఈ 219నే ఎస్కేప్ అంటారు. అక్షరాలకు నంబర్లు ఇచ్చే ఆస్కీ పట్టికలో ఉండే ఎస్కేప్, అంటే 27, వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఉదాహరణకు అసలు డేటా 10, 192, 219, 7 అనుకుందాం. కేబుల్ మీద వచ్చేది ఇది: 192, 10, 219, 220, 219, 221, 7, 192. మొదట్లో కూడా ఒక 192 ఎందుకంటే, అంతకుముందు లైన్ మీద ఏదైనా చెత్త వచ్చి ఉంటే అది అక్కడితో తెగిపోతుంది. దానివల్ల అప్పుడప్పుడు ఖాళీ ప్యాకెట్ తయారవుతుంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేయడమే.

ఇది చూడగానే ఎవరికైనా తట్టేది రీప్లేస్. 219, 221 ఉన్నచోట 219 పెట్టు, 219, 220 ఉన్నచోట 192 పెట్టు, అయిపోయింది! కానీ అసలు డేటాలో 219, 220 పక్కపక్కనే ఉన్నాయనుకోండి. అవి 219, 221, 220గా వస్తాయి. మొదటి రీప్లేస్ తర్వాత 219, 220 మిగులుతాయి. రెండో రీప్లేస్ వాటిని పట్టుకుని 192 చేసేస్తుంది. ఆర్డర్ తిప్పితే సరిపోతుంది, నిజమే. కానీ కోడ్ అలా ఆర్డర్ మీద ఆధారపడి నిలబడటం నాకు నచ్చలేదు.

పైగా అసలు చిక్కు వేరే ఉంది. సీరియల్ పోర్ట్‌కి ప్యాకెట్ అంటే ఏమిటో తెలియదు. అప్పటికి ఎన్ని వస్తే అన్ని బైట్లు చేతిలో పెడుతుంది. ఒక రీడ్ 219తో ముగిసి, 220 తర్వాతి రీడ్‌లో రావచ్చు. అందుకే డీకోడర్, అంటే వచ్చిన బైట్లను తిరిగి అసలు డేటాగా మార్చే కోడ్, ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది రెండు: ఇప్పటిదాకా పోగైన బైట్లు, ఇంతకుముందు వచ్చింది 219 అవునా కాదా అని చెప్పే ఫ్లాగ్. ఈ రెండింటినీ ఒక క్లాస్‌లో పెట్టి, ఒక్కో బైట్ అందిస్తూ పోతున్నాను. 219 వస్తే ఫ్లాగ్ ట్రూ చేసి ఊరుకుంటుంది. ఫ్లాగ్ ట్రూగా ఉన్నప్పుడు 220 వస్తే 192, 221 వస్తే 219 చేర్చి, ఫ్లాగ్ దించేస్తుంది. మామూలుగా 192 వస్తే పోగైనదంతా బయటికి ఇచ్చేస్తుంది. మిగతావి ఉన్నవి ఉన్నట్టు చేరతాయి.

టెస్ట్ కోసం 0 నుంచి 255 దాకా అన్ని విలువలూ ఒకే ప్యాకెట్‌లో పెట్టాను. 192, 219ల బదులు రెండేసి బైట్లు పెట్టాక (దీన్నే స్టఫింగ్ అంటారు) 258, రెండు చివర్లా 192 కలిపి 260 బైట్లు. దాన్ని ప్రతి స్థానంలోనూ రెండు ముక్కలు చేసి, ముక్క తర్వాత ముక్క డీకోడర్‌కి ఇవ్వాలి. ఎక్కడ విరిచినా ఒకే జవాబు రావాలి.

219 తర్వాత 220, 221 కాకుండా ఇంకేదో వస్తే? ఆ బైట్‌ని అలాగే ప్యాకెట్‌లో వేసేయమంటుంది ఆర్ఎఫ్‌సీ కోడ్. నేనైతే ఆ ప్యాకెట్ మొత్తాన్నీ పారేసి, తర్వాతి 192 దాకా ఏమీ తీసుకోవడం లేదు. స్లిప్‌లో చెక్‌సమ్, అంటే డేటా పాడైందో లేదో సరిచూసే అంకె, లేదు, అలాంటప్పుడు తప్పని తెలిసిన రీడింగ్‌ని లోపలికి రానివ్వడం దేనికి?