ఎత్తుకెళ్లిన టైం కాగితం మీదకి ఎక్కించడమే సగం కేసు: హెబియస్ కార్పస్ వేసిన నా అనుభవం

హెబియస్ కార్పస్ అంటే అక్రమంగా పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు చూపించమని అడిగే పిటిషన్. ముందే చెప్తున్నా, స్టేషన్ పేరు, ఆఫీసర్ల పేర్లు రాయను, ఒక పిటిషన్ ఇంకా నడుస్తోంది. మేం కోయోళ్లం, ఊరు విలీన మండలాల్లో ఉంది, అంటే 2014లో పోలవరం కోసం తెలంగాణ నుంచి తీసి ఆంధ్రాలో కలిపిన ఊళ్లలో ఒకటి. మా చిన్నాయన పార్టీ (మావోయిస్టుల) మనిషి కాదు, పోడు పట్టాల కోసం తిరిగే మనిషి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నోళ్లకి హక్కు పత్రం రావాలి కదా, దానికి గ్రామసభ పెట్టించడం, ఫారాలు నింపించడం, సబ్ డివిజన్ కమిటీ వెనక్కి కొట్టిన క్లెయిములకి మళ్లీ అప్పీల్ రాయించడం ఆయన పని, రూపాయి రాని పని.

ఒక శనివారం తెల్లారకముందే రెండు బండ్లలో సివిల్ డ్రెస్‌లో వచ్చారు. ఒక బండికి నంబర్ ప్లేట్ లేదు, ఇంకోదాని ప్లేట్ మీద బురద. ఆయన్నొక్కణ్ణే కాదు, చిన్నమ్మనీ, తొమ్మిది చదివే మా తమ్ముణ్ణీ కూడా ఎక్కించుకుని పోయారు. ఎవరు మీరంటే చెప్పలేదు, ఎక్కడికంటే చెప్పలేదు.

నేను భద్రాచలంలో నెట్ సెంటర్‌లో పని చేస్తా. ఫోన్ రాగానే స్టేషన్‌కి పోతే "మా దగ్గర ఎవరూ లేరు, మ్యాన్ మిస్సింగ్ రాసివ్వు, వెతుకుతాం" అన్నారు, మర్యాదగానే అన్నారు, కుర్చీ కూడా వేశారు. బయటికొచ్చి తెలిసినాయన ద్వారా విజయవాడలో ఒక లాయర్ మేడంకి ఫోన్ చేశా. ఆవిడ మొదటి మాటే "తమ్ముడూ, మిస్సింగ్ అని మాత్రం సంతకం పెట్టకు" అని. మనిషి తప్పిపోయాడు అనే కేసయితే హెబియస్ కార్పస్ నిలబడదంట, ఎవరో పట్టుకెళ్లి అక్రమంగా ఉంచారు అని చెప్పగలిగితేనే కోర్టు వింటుంది. అందుకని ఫిర్యాదులో ఎవరిని, ఎక్కడి నుంచి, ఏ టైంకి, ఎంతమంది వచ్చి, ఎలాంటి బండ్లలో, చూసిన వాళ్లెవరు, ఒంటి మీద ఏం బట్టలున్నాయి, ఇవన్నీ రాయమన్నారు.

టైం దగ్గరే ఇరుక్కుపోయాం. ఊళ్లో ఎవరినడిగినా "కోడి రెండోసారి కూసినాక" అంటారు. కోడి కూతని పిటిషన్‌లో ఎట్లా రాస్తాం? చివరికి పక్కింటి అమ్మాయి గుర్తు చేసింది, బండ్లు కదలగానే సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా పరిగెత్తి వాళ్లన్నకి కాల్ చేసిందంట. ఫోన్ తీసి చూస్తే 4:12. అది స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కూడా పడేట్టు ఇంకోటి తీసి, ప్రింట్ కొట్టా. తర్వాత జరిగిన కథంతా ఆ 4:12 చుట్టూనే తిరిగింది.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు కాబట్టి అదే కాపీ ఎస్పీకి, డీజీపీకి, జిల్లా కలెక్టర్‌కి, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి మెయిల్ పెట్టా, స్పీడ్ పోస్ట్ కూడా చేసి రసీదులు దాచా. వెనకటి రోజుల్లో అయితే ఇలాంటప్పుడు కుటుంబాలు ముందు టెలిగ్రాం కొట్టేవాళ్లంట, దాని మీద టైం ముద్ర పడుతుంది కాబట్టి. 2013 జూలైలో ఆ సర్వీసే ఆగిపోయింది, ఇప్పుడు మెయిలే దిక్కు. ఇంకోటి చాలామందికి తెలీదు, ఆర్టీఐలో మామూలుగా 30 రోజుల గడువు కానీ మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి, సెక్షన్ 7(1)లోనే ఉంది. ఆ మాట అప్లికేషన్ పైనే రాసిచ్చా. "సదరు వ్యక్తి మా అదుపులో లేడు" అని తర్వాత జవాబొచ్చింది. నాకు ఒళ్లు మండింది, మేడం మాత్రం జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నారు, పనికొస్తుంది అని.

శనివారం రాత్రే చిన్నమ్మనీ తమ్ముణ్ణీ మెయిన్ రోడ్డు మీద దింపేసి పోయారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారంట. సాక్షిగా విచారించాలంటే కూడా ఆడవాళ్లనీ, పదిహేనేళ్లు నిండని మగపిల్లల్నీ వాళ్ల ఇంటి దగ్గరే అడగాలి తప్ప వేరే చోటికి రమ్మనకూడదని చట్టం, పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 160, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 179. తమ్ముడికి పద్నాలుగు. వాడు మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఏ హైకోర్టు అనేది ఇంకో తలనొప్పి. మా దగ్గర భద్రాచలం టౌన్ తెలంగాణ, ఊరు దాటితే ఆంధ్రా, అటు పోతే ఛత్తీస్‌గఢ్. వచ్చినోళ్లు ఏ రాష్ట్రం వాళ్లో కూడా తెలీదు. పట్టుకెళ్లిన చోటు ఆంధ్రా కాబట్టి రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద అమరావతిలోనే వేయొచ్చు, పక్క రాష్ట్రం పోలీసుల్ని కూడా ప్రతివాదులుగా చేర్చుదాం అన్నారు మేడం. అసలు పిటిషన్ భార్యే వేయాలని కూడా లేదంట, దగ్గరివాళ్లు ఎవరైనా వేయొచ్చు. 1982లో మణిపూర్‌లో ఇద్దరు నాగా పెద్దమనుషుల్ని ఆర్మీ తీసుకుపోయాక వాళ్లు మళ్లీ కనపడలేదు, సుప్రీంకోర్టుకి పోయింది సెబాస్టియన్ హాంగ్రే అనే జేఎన్‌యూ స్టూడెంట్. ఆర్మీ మేం వదిలేశాం అంది, కోర్టు నమ్మలేదు, 1984లో ఇద్దరి భార్యలకీ చెరో లక్ష ఇమ్మంది. మనుషులు మాత్రం రాలేదు. ఆ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం చెప్పాలంటే మేడం ఆ టైంలో అది చెప్పకుండా ఉండాల్సింది.

రాత్రి బస్సెక్కి చిన్నమ్మని తీసుకుని విజయవాడ పోయాం. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది, ఆమెకి తెలుగే అంతంత మాత్రం. నేను ఒక్కో పేరా కోయలో చెప్పడం, ఆమె తల ఊపడం. ఒక చోట ఆపేసింది. "గోడకి తగిలించిన కొడవలి తీసుకుపోయారు, ట్రంకుపెట్టెలో పోడు ఫైళ్లు తీసుకుపోయారు, అది రాశారా?" అంది. రాయలేదు. మేడం వెంటనే ఆ పేజీ మళ్లీ కొట్టించారు, పంచనామా లేకుండా ఫలానా ఫలానా తీసుకెళ్లారు అని. చదివి వినిపించాం, అర్థమైంది అని కింద ఒక లైన్ పెట్టించి సంతకం చేయించారు.

ఆ రోజు ఆదివారం కాబట్టి హౌస్ మోషన్. తెలియనివాళ్లకి: కోర్టు వర్కింగ్ డే అయితే అర్జెంట్ కేసుని లంచ్ మోషన్ అని మధ్యాహ్నం వినిపిస్తారు, సెలవయితే రిజిస్ట్రార్ ద్వారా పర్మిషన్ తీసుకుని జడ్జి గారి ఇంటి దగ్గరే వింటారు, దాన్నే హౌస్ మోషన్ అంటారు. హెబియస్ కార్పస్ ఇద్దరు జడ్జిల బెంచ్ వింటుంది. సర్కారు తరఫు లాయర్ "ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకోవాలి" అన్నారు. కోర్టు 4:12 కాల్ కాగితం చూసి, మరుసటి రోజు మధ్యాహ్నానికల్లా ఆచూకీ చెప్పండి అని ఆర్డర్ ఇచ్చింది.

ఆ రాత్రికే అరెస్ట్ చూపించారు. మా ప్రాంతంలో ఎవరినడిగినా ఈ స్క్రిప్ట్ చెప్తారు: వాహన తనిఖీలు, పోలీసుల్ని చూసి పారిపోబోయాడు, వెంబడించి పట్టుకున్నాం, మావోయిస్టుల కొరియర్, సంచిలో సాహిత్యం. రిమాండ్ రిపోర్ట్‌లో అరెస్ట్ టైం ఆదివారం సాయంత్రం, ఊరికి ఎక్కడో దూరంగా ఒక జంక్షన్. కొడవలి లేదు, పోడు ఫైళ్ల మాటే లేదు. అయినా చిన్నాయన బతికున్నాడు, అది విన్నాక చిన్నమ్మ అక్కడే కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయింది.

మెజిస్ట్రేట్ ముందు హాజరుపరిచేటప్పుడు లోకల్ లాయర్‌ని పెట్టుకోవాలి, ఇది అస్సలు మర్చిపోవద్దు. ఆర్టికల్ 22 ప్రకారం పట్టుకున్న 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందుకి తేవాలి, అందుకే కదా ఈ టైం మార్చే తంతంతా. శనివారం తెల్లవారుజామున తీసుకెళ్లారని చిన్నాయన స్వయంగా నోటితో చెప్పాడు, అది ఆర్డర్‌లో రికార్డ్ చేయమని లాయర్ మెమో ఇచ్చారు, చేశారు. అరికాళ్లు చూపించాడు, మెడికల్‌కి పంపారు. డీకే బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పినవి, అరెస్ట్ మెమో మీద సాక్షి సంతకం, బంధువుకి కబురు, ఒక్కటీ జరగలేదని కూడా రాయించాం.

మనిషి రిమాండ్‌లో ఉన్నాడు కాబట్టి హెబియస్ కార్పస్ క్లోజ్ అయింది, వేరే మార్గాలు చూసుకోవచ్చు అని ఒక వాక్యంతో. చాలా కుటుంబాలు ఇక్కడ ఆగిపోతాయి, డబ్బులైపోతాయి, బెయిల్ చూసుకుంటే చాలనిపిస్తుంది. వాళ్లని ఏమీ అనలేం. మన దేశంలో మనిషిని మాయం చేయడం అనే నేరం విడిగా ఏ సెక్షన్‌లోనూ లేదు. దాని గురించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 2007లో సంతకం పెట్టారు కానీ ఇప్పటికీ రాటిఫై (పూర్తి ఆమోదం) చేయలేదు. కాకపోతే జెనీవాలో ఇలా మాయమైన మనుషుల కేసులు చూసే ఐక్యరాజ్యసమితి వర్కింగ్ గ్రూప్ 1980 నుంచి ఉంది, దానికి ఏ దేశం నుంచైనా కుటుంబం రాయొచ్చు, ఖర్చు లేదు, మూడు నెలల లోపు కేసులకి అర్జెంట్ పద్ధతి ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

మేం సీసీ కెమెరాల మీద పడ్డాం. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలి, 18 నెలల రికార్డింగ్ దాచాలి అంది. శని, ఆదివారాల ఫుటేజ్ చెరపకుండా దాచమని ముందు మెయిల్ పెట్టి, తర్వాత కోర్టులో వేశాం. సాంకేతిక లోపం అని పోలీసులు కౌంటర్ (కోర్టుకి రాతపూర్వక జవాబు) వేశారు. లోపం ఎప్పుడు మొదలైంది, రిపేర్ కోసం ఎవరికి రాశారు, ఆ కాగితం ఏది అని మేం రిప్లై వేశాం, దానికి వాయిదా పడింది. "అదుపులో లేడు" అన్న ఆర్టీఐ జవాబు కూడా దానికే జత చేశారు మేడం.

చిన్నాయన కండిషన్ బెయిల్ మీద ఉన్నాడు, వారానికోసారి సంతకం. పోడు ఫైళ్లు రాలేదు, జిరాక్సులు నా సెంటర్ కంప్యూటర్‌లో కొన్ని ఉంటే అవి తీసి మళ్లీ గ్రామసభకి ఇచ్చాం. చిన్నమ్మ తనని, పిల్లాణ్ణి తీసుకుపోయినందుకు విడిగా ఫిర్యాదు పెట్టింది, విచారణకి రమ్మని నోటీసొచ్చింది. 179 చూపించి, ఇంటికే వచ్చి, కోయ తెలిసిన మనిషి ఎదురుగా స్టేట్‌మెంట్ తీసుకోండి అని రాసి పంపాం.