ఎక్స్ అక్షం సమీకరణం వై = 0 ఎందుకైంది?

మొన్న ఆదివారం మా అక్క కూతురు లెక్కల పేపర్ పట్టుకుని వచ్చింది, తొమ్మిదో తరగతి. ఎక్స్ అక్షం సమీకరణం రాయమంటే ఎక్స్ = 0 అని రాసింది, మార్కు పోయింది. "పిన్నీ, పేరులోనే ఎక్స్ ఉంటే వై = 0 ఎట్లా అవుతుంది? ఉల్టా గుర్తుపెట్టుకోమన్నారు, పరీక్షలో టెన్షన్‌లో ఏది ఉల్టానో కూడా మర్చిపోయిన" అంది.

ఈ ఉల్టా మాట నాకూ చిన్నప్పుడు చెప్పారు, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. పిల్లలు సమీకరణాన్ని ఆ గీతకు పేరు అనుకుంటారు. అది పేరు కాదు, ఆ గీత మీదున్న ప్రతి బిందువూ పాటించే షరతు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఉల్టాతో పనే లేదు.

మేముండేది శాలిబండలో, కాబట్టి కాగితం మీద చార్మినార్‌నే మూలబిందువుగా పెట్టాను. 1591లో కట్టినప్పుడే నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు చూసేలా కట్టారు, అంతకన్నా మంచి గ్రాఫ్ మన ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది! పడమరకు పోయే లాడ్ బజార్ ఎక్స్ అక్షంలో రుణాత్మక భాగం, ఉత్తరానికి పత్తర్‌గట్టీ వైపు పోయే రోడ్డు వై అక్షం, రెండూ తిన్నగా ఉన్నాయనుకుందాం అన్నాను.

"మనం గాజులు కొన్న దుకాణం చార్మినార్ నుంచి ఉత్తరానికి ఎంత దూరం?"

"ఉత్తరానికి పోనేలేదుగా. సున్నా."

"దాని పక్క దుకాణం?"

"అదీ సున్నానే."

పడమరకు ఎంత దూరమంటే మాత్రం ఒక్కో దుకాణానిది ఒక్కో లెక్క. అంటే ఆ బజారులో ఎక్స్ ఇష్టమొచ్చినట్టు మారుతుంది, అందరికీ ఒకటిగా ఉండేది వై ఒక్కటే, అది సున్నా. వై = 0 అని నేను చెప్పకముందే తనే రాసేసింది. ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు పోయే ఆ రెండో రోడ్డుకు ఎక్స్ = 0 అని కూడా. బజారుకు సమాంతరంగా 200 మీటర్లు ఉత్తరాన ఒక గల్లీ గీస్తే దాని సమీకరణం వై = 200 అని చెప్పడానికి అరక్షణం పట్టలేదు. ఆ గల్లీని కిందికి జరుపుకుంటూ వస్తే వై = 100, వై = 50, చివరికి వై = 0 దగ్గర అది అక్షం మీదే పడుతుంది.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నాక త్రిపరిమాణ జ్యామితిలో ఈ ఉల్టా నన్ను పూర్తిగా ముంచింది, ఎందుకంటే అక్కడ ఎక్స్ = 0 అంటే గీత కాదు, మొత్తం తలం; ఎక్స్ అక్షం కావాలంటే వై = 0, జడ్ = 0 రెండు షరతులూ ఒకేసారి పెట్టాలి. రెండింట్లో ఏది ఉల్టా?

పుస్తకం మూసేస్తూ, రెండు రోడ్లకూ కలిపి ఒకే సమీకరణం రాయొచ్చా అని అడిగింది. నాకెంత సంతోషమేసిందో! ఎక్స్ × వై = 0 అని రాసిచ్చాను. (5, 0) వేసి చూసింది, సరిపోయింది. (0, -2) కూడా. (3, 4) వేస్తే 12 వచ్చింది, అది ఏ రోడ్డు మీదా లేదు.

"మరి చార్మినార్?" అన్నాను.

"రెండూ సున్నానే పిన్నీ, అది రెండు రోడ్ల మీదా ఉంది."