విత్తనాల కుండ

మహబూబ్‌నగర్‌లో మనం హాస్టల్లో ఉండి చదువుకున్న చర్చి బడిలో, ఆరో తరగతికి బైబిల్ క్లాసు చెప్పే అయ్యగారు వారానికో కీర్తన కంఠతా పట్టించేవారు. 126వ కీర్తన చిన్నది, ఒక్క పూటలో వచ్చేసింది. "కన్నీళ్లు విడుచుచు విత్తువారు సంతోషగానముతో పంట కోసెదరు" అని గడగడా ఒప్పజెప్పి కూర్చున్నాను. కానీ ఒక సందేహం మిగిలిపోయింది. విత్తేటప్పుడు ఎవరైనా ఎందుకు ఏడుస్తారు? మా ఇంట్లో విత్తనం పడే రోజంటే పండుగే. తెల్లవారుజామునే ఎడ్లను కడిగి, విత్తనం వేసే గొర్రు పక్కన మోకరించి నాయిన ప్రార్థన చేసేవాడు. అమ్మ బెల్లం అన్నం వండేది. అందులో ఏడుపు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. అయ్యగారిని అడగాలంటే భయం. జవాబు ఆ వేసవి సెలవుల్లో మా చెలకలోనే, అంటే వానకు పండే మెట్ట చేలోనే, దొరికింది.

1972 కరువు మన బ్యాచ్ వాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. హాస్టల్లో మనకు పూటకింత గోధుమరవ్వ ఉప్మా అయినా దొరికేది. ఊళ్లలో అదీ లేదు. మాది కల్వకుర్తి తాలూకా, దుందుభి వాగుకు దగ్గర. పెద్దనాయిన, పెద్దమ్మ మట్టిపనికి బొంబాయి బస్సెక్కారు. ఎడ్లలో ఒకదాన్ని అమ్మేశారు. 1973 ఏప్రిల్‌లో నేను ఇంటికి చేరేసరికి వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరంతా చెలిమెల మీద బతుకుతోంది.

చెలిమె చూడనివాళ్ల కోసం చెప్తాను. ఎండిన వాగులో మోకాలి లోతు ఇసుక తోడితే తడి తగులుతుంది. ఇంకో జానెడు తీస్తే అడుగున నీళ్లు మెల్లగా ఊరుతాయి. మొదట బురద నీళ్లు. వాటిని చిప్పతో తోడి పారబోయాలి. మళ్లీ ఊరినవి కొంచెం తేటగా ఉంటాయి. మూడోసారికి గానీ బిందెలో పోసుకోవడానికి పనికిరావు. ఒక్క బిందె నిండాలంటే గంట పట్టేది. పొద్దు పొడవకముందే అవ్వ నన్ను లేపి తీసుకుపోయేది. రాత్రి కుక్కలు, మేకలు పాడుచేయకుండా కప్పిన తుమ్మకంప తీసి చెలిమె పక్కన కూర్చునేది. నీళ్లు ఊరేలోపల కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. అవ్వకు చదువు రాదు. రోజూ అవే నాలుగు మాటలు. ఒకరోజు నాకు విసుగొచ్చి, "దినాం గదే అడుగుతవు, వాన రాదాయె" అన్నాను.

అవ్వ కోపం చేయలేదు. చిప్ప నా చేతికిచ్చింది. "తోడు కొడుకా. తోడితేనే ఊట వస్తది. తోడకుంటే కూడుకపోతది" అంది.

చాలా ఏళ్ల తర్వాత, నేను టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు, బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ కథ బైబిల్లో చదువుతుంటే "ఊరెడి నీటి బుగ్గ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో ఆ మాటను! ఊరడం అంటే ఏమిటో వేళ్లతో తెలిసినవాణ్ని, అయినా ఆ రోజు వరకు నాకు తట్టలేదు. ఆ బావి దగ్గర కూర్చున్న ప్రభువు మా అవ్వతో మాట్లాడి ఉంటే ఆమెకు అర్థం చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇక విత్తనాల సంగతి. మా వంటింట్లో పొయ్యికి పైన దూలానికి జొన్న కంకులు వేలాడేవి. చేను కోతకు రాకముందే నాయిన సాలు సాలూ తిరిగి, గింజ నిండుగా ఉన్న కంకులు ఏరి విత్తనానికి తెచ్చేవాడు. పొగకు పురుగు పట్టదు. ఎండాకాలం మొదట్లో అవ్వ వాటిని దించి, కొట్టి, చెరిగి, బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూతి మీద పేడతో మెత్తేది. నాలుగెకరాల చెలకకు పదిహేను సేర్లు. ఇంట్లో ఏడుగురం. తిండికి లెక్కవేస్తే ఆ కుండ మాకు వారం రోజుల గట్క, అంటే జొన్న సంకటి.

మే నెలలో ఇంట్లో గింజలు అయిపోయాయి. చింతచిగురు, అంబలి. అంబలి కూడా అంబలి కాదు, నీళ్లలో పిండి వాసన. మా చెల్లెకు నాలుగేళ్లు. ఒక మధ్యాహ్నం కుండ దగ్గర కూర్చుని పేడ మెత్తును గోటితో గీకుతోంది. అమ్మ చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. దాన్ని ఎత్తుకుని బయటికి తీసుకుపోయింది. గీకిన చోట తడి పేడ పెట్టి అవ్వ మళ్లీ మెత్తింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

మృగశిర కార్తెలో రెండోనాడు వాన పడింది. పక్కింటి వాళ్ల దగ్గర ఒక ఎద్దు బదులు తెచ్చి నాయిన గొర్రు కట్టాడు. అమ్మ వెనక నడుస్తూ గొర్రు మీది గిన్నెలో, జడ్డిగంలో, గింజలు పోస్తోంది. నేను ఒడ్డు మీద చెల్లెను పట్టుకుని కూర్చున్నాను. అది అమ్మ పిడికిలినే చూస్తోంది. మా దగ్గరి నుంచి సాలు మళ్లేటప్పుడు అమ్మ ముఖం కనిపించింది. కొంగు పళ్లతో కరిచి పట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. ఒక చేయి గింజలు పోస్తూనే ఉంది, ఒక్క సాలులో కూడా పిడికిలి ఆగలేదు.

నేను ఒప్పజెప్పిన కీర్తనలో తర్వాతి వచనం "పిడికెడు విత్తనములు చేతపట్టుకొని యేడ్చుచు పోవువాడు" అని మొదలవుతుంది. ఆ పిడికెడు గింజలు పిల్లల నోటి దగ్గరివి.

వాన మళ్లీ మొహం చాటేసింది. నాలుగు రోజులకే ఆగలేక చేలోకి పోయి వేలితో సాలు గీకి చూశాను. గింజ ఉబ్బి, చివర తెల్లగా పగిలింది. నాయిన చూసి, "మల్ల మల్ల తవ్వి చూస్తే అది మొలుస్తదా? కప్పు. కప్పి ఇంటికి పో" అన్నాడు. మార్కు సువార్తలో విత్తనం చల్లి, నిద్రపోతూ లేస్తూ ఉండే రైతు ఉపమానం ఉంది. అది ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. ఉద్యోగంలో, పిల్లల చదువుల్లో నాకు టెన్షన్ ఎక్కువైనప్పుడల్లా నాయిన ఆ ఒక్క మాట, "కప్పు", చెవిలో వినిపిస్తుంది.

మా ప్రాంతానికి సువార్త తెచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీల పూర్వికులు దక్షిణ రష్యాలో గోధుమలు పండించినవాళ్లు. 1890లో నల్గొండలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజన్ ఆ రష్యా మెన్నొనైట్లలోని వారే. సేద్యం తెలిసిన జనం కాబట్టే కోతల పండుగను మన చర్చిలకు అంత ప్రేమగా అలవాటు చేశారేమో అనిపిస్తుంది నాకు. తొలి పంట తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం, తర్వాత వేలం, అందులో సొరకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, మీకు తెలియనిదేముంది.

ఇప్పుడు ఆ చెలకలో మా తమ్ముడు పత్తి వేస్తున్నాడు. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ వేసేది కాదు కదా, ఏటేటా ప్యాకెట్లు కొనాల్సిందే. పొయ్యి పైన దూలం ఉంది, కంకులు లేవు. పత్తి తప్పని నేననను, దాని మీదే వాళ్ల పిల్లలు చదువుకున్నారు. కానీ ఆ ఇంట్లో పుట్టిన మనవలకు విత్తనం అంటే దుకాణంలో దొరికేది. ఇది నన్ను బాధపెడుతుంది.

1973లో మాకు పంట వచ్చింది. మరీ గొప్పగా కాదు, కుండ మళ్లీ నిండేంత, ఇల్లు గడిచేంత. ఆ ఏడు కోతల పండుగకు నాయిన పెద్ద కంకులు ఏరి గుత్తిగా కట్టి, భుజాన వేసుకుని, ఊరి చర్చికి కాకుండా మహబూబ్‌నగర్‌కు మన బడి చర్చికే తెచ్చాడు. నా కొడుకుకు కరువులో అన్నం పెట్టిన చోటికే పోవాలని పట్టుబట్టాడట. వేలంలో ఆ గుత్తిని వార్డెన్ గారు పాడుకున్నారు. వండించలేదు. హాస్టల్ వరండాలో దూలానికి వేలాడదీయించారు. సాయంత్రం స్టడీ అవర్‌లో పిచ్చుకలు వచ్చి వాలేవి, పొట్టు మన పుస్తకాల మీద రాలేది. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ కంకులు మా చేనువి.