నెట్‌వర్క్ కేబుల్‌తోనే బోర్డుకు కరెంటు: నా అనుభవం

రాస్ప్‌బెర్రీ పై 3బి అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాల్సిన చోటు నెట్‌వర్క్ స్విచ్‌కి 30 మీటర్ల దూరం. అక్కడ ప్లగ్ పాయింటు లేదు. నెట్‌వర్క్ కేబుల్ ఎలాగూ లాగాలి కనుక కరెంటూ అందులోనే పంపాను.

ఈ బోర్డుకు 100 ఎంబీపీఎస్ పోర్టే ఉంది. డేటాకు 1,2, 3,6 తీగలు చాలు. ఖాళీగా ఉన్న 4,5; 7,8 తీగల్లో నేరుగా 5 వోల్టులు పంపేస్తే పోదా అనిపిస్తుంది. లెక్క మాత్రం ఒప్పుకోదు. క్యాట్ 5ఈ (మామూలు నెట్‌వర్క్ కేబుల్ రకం) రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓములు. పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు కలిపి వాడినా 30 మీటర్లకు రానుపోను 2.5 ఓములు. బోర్డు 1 ఆంపియరు లాగితే సగం వోల్టేజీ దారిలోనే పోతుంది. 4.63 కిందికి దిగితేనే ఈ బోర్డు తక్కువ వోల్టేజీ అని హెచ్చరిస్తుంది. అదే 5 వాట్లు 48 వోల్టుల మీద వెళ్తే 0.1 ఆంపియరుకు కాస్త ఎక్కువ. పడిపోయేది పావు వోల్టు పైచిలుకే. అందుకే బోర్డు పక్కదాకా 48 వోల్టులుగానే తెచ్చి, అక్కడ 5కి దించాలి.

3బీకి పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) పిన్నులు లేవు. అవి 3బి ప్లస్‌తో వచ్చాయి, వాటికీ పైన వేరే హ్యాట్ (బోర్డు మీద కూర్చునే అదనపు బోర్డు) తగిలించాల్సిందే. నేను 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం స్ప్లిటర్ (కేబుల్‌లో వచ్చే డేటానూ కరెంటునూ విడదీసి, 48 వోల్టులను 5కి దించే పెట్టె) వాడాను: 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు, మైక్రో యూఎస్‌బీ కొస. ఆ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు ఇస్తే ఇవతలి కొసకు 12.95 గ్యారంటీ. బోర్డుకు అది ధారాళం.

24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ (అవతల ఏముందో చూడకుండానే కేబుల్‌లోకి కరెంటు పంపే పెట్టె) జోలికి పోలేదు, మీరూ పోకండి. ఏఎఫ్ స్విచ్ మొదట 10 వోల్టుల లోపే పెట్టి, అవతల సుమారు 25 కిలో ఓములు కనబడితేనే పూర్తి వోల్టేజీ వదులుతుంది. పాసివ్‌కి ఆ విచారణ లేదు. మామూలు పోర్టులో ఖాళీ జతలకు 75 ఓముల రెసిస్టర్లు ఉండటం మామూలే. 24 వోల్టులు వాటి మీద పడితే మాడిపోతాయి.

స్ప్లిటర్‌ను ముందు బోర్డు లేకుండా మీటరుతో చూశాను. తర్వాత బోర్డు పెట్టి, ప్రాసెసర్‌కు పూర్తి పని అప్పగించి మళ్లీ చూశాను. రెండోదే అసలు పరీక్ష. డేటా వస్తూ కరెంటు రాకపోతే 4,5,7,8 తీగల క్రింపింగ్ (కేబుల్ కొసకు ప్లగ్గు నొక్కి బిగించడం) అనుమానించండి. కొన్ని స్విచ్‌లు వాటిలోనే పంపుతాయి. ఎనిమిది తీగలూ టెస్టర్‌తో చూడాలి. రాగి పూసిన అల్యూమినియం కేబుల్‌కు నిరోధం ఎక్కువ, దీనికి వద్దు.

ఇంతకంటే చిన్న, నిద్రపోయే బోర్డులతో ఇంకో చిక్కు. స్విచ్ నుంచి, అంటే 48 వోల్టుల వైపు, లాగే కరెంటు 10 మిల్లీ ఆంపియర్ల కిందికి పడితే, ఏమీ తగిలించి లేదనుకుని 400 మిల్లీ సెకన్లలోపే స్విచ్ ఆపేస్తుంది. బోర్డు మాటిమాటికీ రీబూట్ అవుతుంటే ముందు ఇదే చూడండి. 5 వోల్టుల వైపు 47 ఓములు, 2 వాట్ల రెసిస్టర్ పెడితే అర వాటు ఎప్పుడూ ఖర్చవుతూ ఉంటుంది, స్విచ్ ఆపదు.

స్విచ్ పోర్టు ఆపి మళ్లీ ఇస్తే బోర్డు దూరం నుంచే రీస్టార్ట్ అవుతుంది. కాకపోతే ముందు షట్‌డౌన్ ఇచ్చి, పింగ్‌కు (బోర్డు పలుకుతోందా అని నెట్‌వర్క్‌లో అడిగే సందేశం) జవాబు ఆగాక ఇంకో పది సెకన్లు ఆగి అప్పుడు పోర్టు ఆపండి. రాత మధ్యలో కరెంటు పోతే మెమొరీ కార్డులో ఫైళ్లు పాడవుతాయి.