పదహార్లలో మూడు వందలు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 500 పింఛను వచ్చేది. 2014లో తెలంగాణలో ఆసరా పింఛను పథకం వచ్చాక 1,500 అయింది, 2019లో 3,016, 2023లో 4,016. చివర ఆ పదహార్లు విన్నప్పుడల్లా మా అమ్మ "ఇది పింఛనా, పెళ్లి చదివింపులా?" అని నవ్వేది. డబ్బు పడిందా లేదా అన్నదే నా టెన్షన్. ఎవరి ఖజానాలోంచి వస్తోందో ఏనాడూ అడగలేదు.

2025లో ఒకసారి ఆగిపోయింది. ఆఫీసుకు వెళ్తే వేలిముద్ర తీసుకున్నారు, పడలేదు. అక్కడి కుర్రాడు ముఖం ముందు ఫోన్ పెట్టి "సార్, కెమెరాలోకి చూసి కళ్లు ఆర్పండి" అన్నాడు. ఆర్పాను. "సరిగ్గా చూడండి సార్." ఎటు చూడను నాయనా? వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. చివరికి వాడే నా గడ్డం పట్టుకుని ఇటు కాస్త, అటు కాస్త తిప్పాడు. నాలుగోసారికి ఫోన్ టింగుమంది.

ఈలోగా పక్క సీటులోని పెద్దాయన నా సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే కాగితం) తిరగేసి "మీది నూరు శాతం కదా, కేంద్రం వాటా కూడా ఉంటుంది" అన్నాడు. ఎంతండీ అని అడిగాను. 300. వైకల్యం 80 శాతం దాటిన పేదలకు మాత్రమేనట, అదీ 2012 నుంచి అక్కడే ఆగిందట. మన రాష్ట్రం 40 శాతం నుంచే ఇస్తుంది కాబట్టి మిగతా భారమంతా రాష్ట్ర బడ్జెట్‌దే. 300తో ఈ ఊళ్లో ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లి రావడానికి కూడా చాలదు.

ఇంటికొచ్చాక లెక్క వేసుకుంటే ఇంకోటి తట్టింది. మా పింఛను పెరిగిన ప్రతిసారీ ఎన్నికలు అటో ఇటో ఉన్నాయి. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ ఇచ్చిన 6,000 హామీ విని మేమూ ఆశపడ్డాం. గుంటూరులో మా పిన్ని కొడుక్కి 2024 జులై నుంచి 6,000 వస్తోంది. వాడికీ చూపు లేదు, నాకూ లేదు. కృష్ణ దాటితే దాదాపు రెండు వేల తేడా!

రాత్రి నేను నోటితో చెబుతుంటే ఫోనే టైప్ చేసేలా పెట్టుకుని పిటిషన్ రాయించాను. ఉద్యోగులకు ధరలతో పాటు పెరిగే డీఏ (కరవు భత్యం) ఉన్నట్టే మా పింఛనునూ ధరలకు ముడిపెట్టాలని, ఏడాది మొదట్లోనే దాని డబ్బు విడిగా పక్కన పెట్టాలని, కేంద్రం వాటా పెంచమని, 80 శాతం గీతను 40కి దించమని రాష్ట్రం గట్టిగా అడగాలని రాశాను. "ఇంత పెద్ద మాటలు మనకెందుకన్నా?" అన్నాడు పక్కింటి తమ్ముడు. అంటూనే శుక్రవారం పొద్దున్నే బేగంపేట ప్రజాభవన్‌కు నన్ను వెంటబెట్టుకెళ్లాడు.

అక్కడ జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో నా కాగితం తీసుకున్నావిడ "మీ పింఛను ఆగిందా?" అంది. "ఆగింది, కానీ ఇది దాని గురించి కాదమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేజీ తిప్పిన చప్పుడు. మొత్తం చదివినట్టే ఉంది.

ఆ తర్వాత పింఛను మళ్లీ పడుతోంది. మెసేజ్ మోగినప్పుడల్లా బ్యాంకుదా, ప్రజావాణిదా అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటున్నాను.