రేపు విశాఖలో వాన పడుతుందా? విద్యార్థుల డేటా సైన్స్ పోటీ, ఇప్పటిదాకా పని

పోటీలో ప్రశ్న ఒక్కటే. ఈరోజు వాతావరణం చూసి రేపు వాన పడే అవకాశం ఎంతో 0 నుంచి 1 లోపు చెప్పాలి. పాండాస్ (పైథాన్‌లో పట్టికల డేటాతో పని చేసే లైబ్రరీ) ఇప్పుడిప్పుడే చేతికొస్తున్న డిగ్రీ, బీటెక్ పిల్లల కోసం ఇది. టైటానిక్ ప్రయాణికుల జాబితా లాంటి పాత డేటాసెట్లకు జవాబులు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. ఊరి వాన అయితే మోడల్ (పాత డేటా చూసి అంచనా వేయడం నేర్చుకున్న ప్రోగ్రామ్) తిక్క జవాబు ఇచ్చినప్పుడు విద్యార్థికే అనుమానం వస్తుంది. ఆ అనుమానమే కావలసింది.

డేటా: పూర్తయింది

నాసా వాతావరణ డేటా ఇచ్చే పవర్ సైట్‌లో అక్షాంశం 17.69, రేఖాంశం 83.22 ఇస్తే 1981 జనవరి 1 నుంచి రోజువారీ డేటా ఉచితంగా వస్తుంది. 2024 చివరిదాకా 16,071 వరుసలు. అందులో ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వేగం, వాన, ఈ ఐదే తీసుకున్నాం. ఫైలు చిన్నది, ఫోన్‌లో కొలాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ సేవ) తెరిచి కూడా పని చేసుకోవచ్చు.

ఇది వానమాపకం పెట్టి కొలిచిన లెక్క కాదు. భూమిని గళ్లుగా విడగొట్టి గడికొకటి చొప్పున ఇచ్చే అంచనా. ఒక్కో గడి సుమారు 55 కి.మీ. పొడవు, 66 కి.మీ. వెడల్పు ఉంటుంది, గాజువాకకూ బీచ్‌రోడ్డుకూ అదే విలువ. అందుకే పేటల వారీ ప్రశ్న పెట్టలేదు. వాతావరణ శాఖ లెక్కలు దీనితో కలపనూ లేదు. వాళ్ల రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది, ఇక్కడ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. రెండూ కలిపితే ఒకే వాన ఒకదాంట్లో ఒక తేదీ కింద, ఇంకోదాంట్లో మరో తేదీ కింద పడవచ్చు.

స్కోరు: తేల్చేశాం

ఎన్ని మి.మీ. పడుతుందో అడగడం మొదటి ఆలోచన. లెక్క వేసి చూస్తే అది నిలబడలేదు. హుద్‌హుద్ (2014 అక్టోబరు 12) లాంటి ఒక్క రోజున 120 మి.మీ. తేడా వస్తే దాని వర్గం 14,400. రోజూ 5 మి.మీ. చొప్పున 576 రోజులు తప్పితే వచ్చేదీ అంతే. గెలుపోటములు ఒక్క తుఫాను చేతిలో ఉంటాయి. కాబట్టి 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితే వాన రోజు, లేకపోతే కాదు. వాతావరణ శాఖ వాడే హద్దు కూడా అదే.

ఇక ఆక్యురసీ (నూటికి ఎన్ని జవాబులు సరి అన్న లెక్క) పనికిరాదు. నూటికి 80 రోజులు పొడిగా ఉంటే, ఏడాదంతా ‘పడదు’ అని రాసినవాడికి 80 మార్కులు వచ్చేస్తాయి. బ్రయర్ స్కోరు పెట్టాం. వాన పడితే 1, పడకపోతే 0 అనుకుని, దానికీ అంచనాకూ ఉన్న తేడా వర్గమే జరిమానా: 0.7 అన్నారు, వాన పడింది, జరిమానా 0.09. పడలేదు, జరిమానా 0.49. చేత్తో లెక్కేసి చూసుకోవచ్చు. డేటా పోటీలు నడిపే కాగిల్ సైట్‌లో కమ్యూనిటీ పోటీ పెట్టి మీన్ స్క్వేర్డ్ ఎర్రర్ (తేడాల వర్గాల సగటు) ఎంచుకుంటే అచ్చంగా ఇదే లెక్క వస్తుంది.

టెస్ట్ ఫైలు: ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే

వరుసల్ని కలగలిపి ట్రెయిన్ (మోడల్ నేర్చుకునేది), టెస్ట్ (దాన్ని పరీక్షించేది)గా విడగొట్టడం అందరూ చేసే పని. వాన విషయంలో అది చెల్లదు. అల్పపీడనం పడితే రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. సోమవారం ట్రెయిన్‌లో, మంగళవారం టెస్ట్‌లో ఉంటే మోడల్ నేర్చుకోనక్కర్లేదు, పక్క రోజును గుర్తుపెట్టుకుంటే చాలు. అందుకే 1981 నుంచి 2018 దాకా ట్రెయిన్, 2019–2021 పబ్లిక్ లీడర్‌బోర్డుకు (పోటీ నడుస్తుండగా కనిపించే ర్యాంకుల పట్టిక), 2022–2024 ప్రైవేటుకు (ముగిశాక తేలే తుది ర్యాంకులు). జవాబుల ఫైలులో యూసేజ్ కాలమ్‌లో పబ్లిక్, ప్రైవేట్ అని రాస్తే సరిపోతుంది.

అయినా ఒక లీక్, అంటే జవాబు ముందే బయటపడే దారి, మిగిలింది. టెస్ట్‌లో వరుసగా అన్ని రోజులూ ఇస్తే, బుధవారం వరుసలో ‘ఈరోజు వాన’ అని ఉన్నదే మంగళవారం వరుసకు జవాబు. తేదీ తీసేసి వరుసలు కలగలిపినా, నిన్నటి పీడనం అంకెలు పోల్చి మళ్లీ వరుసలో పేర్చేయవచ్చు. ఇప్పుడు నాలుగు రోజులకొక వరుస మాత్రమే ఇస్తున్నాం, అందులో ఆ రోజు, ముందు రెండు రోజుల విలువలు. ఒక వరుస జవాబు ఇంకో వరుసలో ఎక్కడా కనబడదు. పబ్లిక్‌కు 274, ప్రైవేటుకు 274 వరుసలు వచ్చాయి. ఇంత తక్కువ వరుసల్లో మూడో దశాంశం తేడా అదృష్టమే, అందుకే రోజుకు రెండు సబ్మిషన్లే.

వరుసల ఐడీలను తేదీలుగా పెట్టకూడదు. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే తేదీ రూపం మారిపోతుంది, స్కోరు రాదు. 0001 అని పెడితే సున్నాలు పోతాయి. ‘వాన_1’ లాగా అక్షరంతో మొదలుపెడితే ఏ గొడవా లేదు.

ఆఖరి రౌండు: సగంలో ఉంది

డేటా అందరికీ అందుబాటులో ఉన్నదే కాబట్టి దింపుకుని పోల్చేవాళ్లను ఆపలేం. ఇంకా రాని రోజును మాత్రం ఎవరూ దింపుకోలేరు. అందుకే అక్టోబరులో, ఊళ్లో వానలు దంచే నెలలో, రోజూ సాయంత్రం 6 లోపు రేపటి అంచనా గూగుల్ ఫారంలో పెట్టాలి.

చిక్కు ఏమిటంటే నాసా పవర్ డేటా కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది, అప్పటిదాకా ఆ విలువ ఉండాల్సిన చోట -999 ఉంటుంది. దాన్ని ఖాళీగా మార్చకుండా సగటు తీస్తే మోడల్ మొత్తం పాడవుతుంది. ట్రెయినింగ్‌లో వాడిన ‘ఈరోజు’ విలువలు ఆ సాయంత్రానికి చేతిలో ఉండవన్నమాట. ఉద్యోగాల్లో మోడళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇలాంటి చోటే, ఇది పిల్లలకు ఇప్పుడే తగలాలి. విమానాశ్రయం మెటార్ నివేదికలో (విమానాల కోసం ఇచ్చే తాజా వాతావరణ నివేదిక) ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం, గాలి విలువలు దొరుకుతాయి కానీ కొలతలు వేరు. నాసా పీడనం కిలోపాస్కల్లో, అదీ గడిలోని నేల సగటు ఎత్తు దగ్గర. మెటార్‌ది హెక్టోపాస్కల్లో, సముద్ర మట్టానికి సరిచేసినది. పదితో గుణించినా సరిపోదు. నిన్నటికీ ఈరోజుకూ పీడనం ఎంత తగ్గిందన్న తేడానే ఫీచర్‌గా (మోడల్‌కు ఇచ్చే వివరంగా) వాడితే ఎత్తు గొడవ చాలావరకు పోతుంది. మెటార్‌లో గాలి వేగం నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) ఉంటుంది, 0.514తో గుణిస్తే సెకనుకు మీటర్లు.

మిగిలిన పని రెండు. నెలవారీ వాన రోజుల సగటునే అంచనాగా ఇచ్చే బేస్‌లైన్ (పోల్చుకోవడానికి కనీస ప్రమాణం) నోట్‌బుక్ కొలాబ్‌లో రాయాలి, దాన్ని దాటని మోడల్‌కు సర్టిఫికెట్ లేదు. నాసా విలువలు తర్వాత సవరణ అవుతుంటాయి కాబట్టి, అక్టోబరు జవాబుల ఫైలును ఏ తేదీన దింపి ఖరారు చేస్తామో నియమాల్లో ముందే రాసిపెట్టాలి.